రోజూ జరిగేదానికి తేదీ

ముప్ఫై ఏళ్ళపాటు లా కాలేజీలో 'చట్టం, స్త్రీ' అన్న పేపరు చెప్పి రిటైరైన మనిషిని నేను. మా గుంటూరు వైపు నన్నెవరైనా ఎక్కడికైనా పిలిచారంటే సన్మానానికో, మార్చి ఎనిమిదిన ఉపన్యాసానికో అయి ఉంటుంది. శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, భోజనం పెట్టి పంపిస్తారు. ఈసారి పలాస నుంచి పిలిచింది నా పాత విద్యార్థిని సుజాత. పలాసలోనూ టెక్కలిలోనూ వకీలుగా ప్రాక్టీసు చేస్తోంది. "శాలువాలేమీ లేవు మేడం, ఒక ఫిర్యాదు రాసిపెట్టాలి, రండి" అంది. వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాను. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం అందాల గురించి చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అందం ఉంది, కాదనను. నేను చూసి వచ్చింది వేరే.

మొదటి రోజు: పలాస

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. సుజాత స్కూటీతో బయట కాచుకుని ఉంది. పలాస, కాశీబుగ్గ కలిసిపోయిన ఊళ్ళు. ఏది ఎక్కడ ఆగిందో ఆ ఊరివాళ్ళకే తెలియాలి. జీడిపప్పు ఊరు కదా, వీధి వీధినా నేతిలో వేయించిన వాసన వస్తుందని నాకెక్కడో చిన్న ఆశ ఉండేది. వచ్చింది గొంతు పట్టే పొగ. జీడిపిక్కలు ఉడికించి కాల్చేచోట అలాగే ఉంటుందట. దగ్గుతుంటే సుజాత "అలవాటైపోద్ది మేడం" అంది. ఆ నాలుగు రోజుల్లో ఆ మాట ఇంకో పదిమంది నోట విన్నాను.

బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో టిఫిను తిన్నాం. ఇడ్లీ మీద చెంబుతో పోసినట్టు బొంబాయి చట్నీ పోశాడు. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు, టీలతో సహా. అందులో కారం కనిపించలేదని నేను సణిగితే, మా గుంటూరోళ్ళ నాలుకలు కాలిపోయి ఉంటాయని హోటలాయన తేల్చేశాడు. తింటూ తింటూ సుజాత సంగతి చెప్పింది.

ఊళ్ళో ఒక జీడి ఫ్యాక్టరీ ఉంది. పేరు రాయను. రాస్తే పరువు నష్టం దావా వేసేంత తీరిక వాళ్ళ వకీళ్ళకి ఉంది. అందులో అరవైమంది దాకా ఆడవాళ్ళు పిక్క కొడతారు, పొట్టు తీస్తారు, గుండు పప్పు ఒకవైపూ బద్ద ఒకవైపూ ఏరుతారు. మగవాళ్ళు బాయిలరు దగ్గరా బస్తాల దగ్గరా ఉంటారు. సాయంత్రం పని దిగాక ఆడవాళ్ళంతా వెనక గేటు దగ్గర వరసలో నిలబడాలి. పప్పు దాచుకుని పోతున్నారేమోనని మేస్త్రీ ఒక్కొక్కరినే తడిమి చూస్తాడు. మేస్త్రీ మగవాడు. ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ ఇదే ఆనవాయితీ.

సాయంత్రం ఆ గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని నా కళ్ళతో నేను చూశాను. ఆడవాళ్ళు చేతులు పైకెత్తుతారు. కొంగు దులిపి చూపిస్తారు. అతను నడుము చుట్టూ చీర మడతలో వేళ్ళు పెట్టి ఒక చుట్టు తిప్పుతాడు, రొంటిన నొక్కుతాడు, ఒకోసారి ఇంకా పైకి పోతాడు. వాళ్ళు ఆ సేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడతారు. బాయిలరు మగవాళ్ళు అదే గేటులో క్యారేజీ మూత తీసి చూపించి చకచకా వెళ్ళిపోయారు. మగవాడి లుంగీలో పప్పు పట్టదు కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీ కొట్టామె నా మొహం చూసి, కొత్తా అని అడిగింది.

మా మిర్చి కొట్లలో కూడా ఆడవాళ్ళే తొడిమలు తీస్తారు. కళ్ళు మంటెత్తి, సాయంత్రానికి చేతులు నీళ్ళలో ముంచుకుని కూర్చుంటారు. అక్కడ ఇలా తడమరని సుజాతతో గొప్పగా చెప్పబోయి ఆగిపోయాను. మిరపకాయ ఎవరు దొంగిలిస్తారు? మా దగ్గరున్నది మర్యాద కాదు, సరుకు చవక కావడం.

రెండో రోజు: సుమ్మాదేవి

ఆ తనిఖీ మీద ఫిర్యాదు చేసిన ఆమె పేరు ఢిల్లేశ్వరి. మా వైపు ఈ పేరు వినం, ఇక్కడ వీధికి ఇద్దరున్నారు. సుమ్మాదేవి పలాసకీ మందసకీ మధ్య చిన్న స్టేషనున్న ఊరు. ఆమె రోజూ అక్కణ్ణించే పనికి వస్తుంది. ఆదివారం కావడంతో ఇంట్లో దొరికింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. చేతివేళ్ళు మాత్రం ఇంకెవరో ముసలామెవి అరువు తెచ్చుకున్నట్టున్నాయి. జీడి రసం అంటినచోటల్లా తోలు నల్లబడి పొరలు లేచి ఉంది. ఆముదం, బూడిద రాసుకున్నా అంతేనట.

భర్త లోకనాథం కొబ్బరిచెట్ల కింద నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. మా ఊళ్ళో ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఇక్కడ వాన పడిందా అన్నంత మామూలుగా చెప్తారు, ఎందుకంటే పక్కింట్లోనూ ఒకరున్నారు. ఆ మూడు రోజులూ ఆమె పొద్దున్నే అతన్ని ఆసుపత్రిలో దింపి, పనికి వెళ్ళి, గంట ముందు పని దిగి ఇంటికి తీసుకువస్తుంది. ఆ గంటకి ఒప్పుకునే యజమాని ఊరంతటిలో ఈ ఒక్కడే. ఈ పని పోతే ఇంకోచోట పని దొరుకుతుంది కానీ ఆ గంట దొరకదు. అందుకే లోకనాథం నాతో అన్న మొదటి మాట, "గొడవొద్దని సెప్పండి మేడం, నాగురించైనా" అని. ఆమె విననట్టే నాకు పీట వేసింది.

నెల కిందట ఆమె తన చేత్తోనే ఫిర్యాదు రాసి ఫ్యాక్టరీ కమిటీకి ఇచ్చిందట. ఇలాంటి కమిటీ ప్రతిచోటా ఉండాలని చట్టం ఉంది కాబట్టి వీళ్ళకీ ఒకటి ఉంది. వాళ్ళ దగ్గర అచ్చువేసిన ఫారం ఉంది. సంఘటన జరిగిన తేదీ, సమయం, స్థలం, సాక్షులు, అన్నిటికీ గడులున్నాయి. తేదీ గడిలో ఈమె 'రోజూ' అని రాసింది. తేదీ లేని ఫిర్యాదు విచారించలేమని వెనక్కి పంపారు. ఆ రోజు నుంచి మేస్త్రీ ఈమెని ముట్టుకోవడం మానేశాడు. వరసలో ఈమె వంతు రాగానే పక్కకి జరిగి, మహారాణి గారికి దారివ్వండి అంటాడు. మిగతావాళ్ళు నవ్వుతారు. నవ్వాక వాళ్ళని యథాప్రకారం తడుముతాడు.

"రోజూ జరిగిందానికి తేదీ ఏటి రాత్తాను మేడం? అన్నం ఏ తారీకున తిన్నావంటే ఏటని సెప్తాం?" అంది ఢిల్లేశ్వరి.

నా క్లాసులో ఏళ్ళ తరబడి నేను తిప్పి తిప్పి చెప్పిన పాఠం ఇదే. చట్టానికి సంఘటన కావాలి. ఆడవాళ్ళకి జరిగేది చాలావరకు సంఘటన కాదు, దినచర్య. ఆ గడులు గీసినవాడు ఎవరి తగాదాలు చూసి గీశాడు? నడిబజారులో ఫలానా రోజు ఫలానా వేళకి పదిమంది ముందు కొట్టుకున్న ఇద్దరు మగవాళ్ళ తగాదా చూసి గీశాడు. అందులో మన బతుకు పట్టకపోతే మన బతుకుదే తప్పంటారు. ఇదంతా బోర్డు మీద రాసి, పరీక్షలో అడిగి, మార్కులు వేసినదాన్ని. అయినా ఆ గడి ముందు కూర్చోగానే నా చెయ్యి పెన్ను కోసమే వెతికింది.

అన్నిటికన్నా ఎక్కువ బాధపడ్డ రోజు ఒకటి చెప్పమన్నాను.

"ఒక రోజు జాకెట్టులోకి సెయ్యెట్టీసినాడు. హుక్కు తెగిపోనాది. కొంగు కప్పుకుని ఆటో ఎక్కీసినాను. ఈయనకి ఆసుపత్రిలో సూది తీసినకాడ రగతం ఆగనేదు సూడండి, ఆ రోజో, మర్నాడో."

రక్తం ఆగకపోవడం ఆసుపత్రి పుస్తకంలో రాసి ఉంది, తేదీతో సహా, డాక్టరు సంతకంతో. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ తేదీ గడిలో వేశాను. ఢిల్లేశ్వరి తొంగిచూసి, మర్నాడేమో మేడం, సరిగ్గా గేపకం నేదు అంది. మర్నాటికి కాగితం లేదు, దీనికి రుజువుంది అన్నాను, క్లాసులో వెనక బెంచీ పిల్లకి చెప్పినట్టు. "మీకు తెలుసు కద" అని సంతకం పెట్టింది. అప్పుడు సుజాత చెట్ల అవతల ఎవరో కక్షిదారుతో ఫోనులో ఉంది. తిరిగొచ్చాక చూపిస్తే బాగుందంది. గురువు రాసింది బాగోలేదని ఎలా అంటుంది?

మధ్యాహ్నం పనసకాయ కూరతో భోజనం పెట్టింది. అంత మంచి పనసకూర నేను మా ఇంట్లో ఏనాడూ తినలేదు. లోకనాథానికి ఉప్పు లేకుండా వేరే గిన్నెలో తీసింది. అతను రెండు ముద్దలు తిని చాలన్నాడు. గ్లాసులో నీళ్ళు కొలిచి ఇచ్చింది, అతను గుటక గుటకకీ ఆగి తాగాడు. నేను మాత్రం మారు వడ్డించుకున్నాను. పని సాధించినట్టే ఉంది నాకు.

మూడో రోజు: టెక్కలి, భావనపాడు

పొద్దున్నే సుజాత ఫారం కమిటీకి ఇచ్చి వచ్చింది. మర్నాడే కూర్చుంటామన్నారట. అంత తొందర ఎందుకో అప్పుడు మాకు తట్టలేదు. ఆమెకి టెక్కలి కోర్టులో వాయిదా ఉంటే నేనూ వెళ్ళాను. కోర్టు వరండాలో మనోవర్తి కోసం తిరుగుతున్న ఆడవాళ్ళు టిఫిను డబ్బాలతో సహా వచ్చి కూర్చున్నారు. వాయిదా పడుతుందని ఇంటిదగ్గరే తెలుసు వాళ్ళకి. నాకు కాళ్ళు నిలవక, ఆటో మాట్లాడుకుని భావనపాడు సముద్రపు ఒడ్డుకి పోయాను.

ఒడ్డున పడవలు, వలలు, ఇసుకలో పరిచిన ఎండు చేపలు. సముద్రం వైపు చూసుకుంటూ నడిచి, పొలుసుల మీద కాలు జారి చతికిలపడ్డాను. చేపలు తిరగేస్తున్న ఒక పెద్దామె వచ్చి రెక్క పట్టుకుని లేపింది. చీరంతా నీచు. కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంది. చేప ఒడ్డుకొచ్చాక ఎంచడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, కాకుల్ని తోలడం, తట్టలో మోసుకెళ్ళి అమ్మడం అంతా ఆమె పనే. వేట నిషేధం రోజుల్లో సర్కారు ఇచ్చే సాయం మాత్రం పడవెక్కేవాళ్ళకే. "నానొడ్డునుంతాను గదా, నన్నెవులు రాత్తారు" అంది, కోపం లేకుండా.

కోపమంతా నాకే వచ్చింది. మత్స్యకారుడు అనే మాట దగ్గరే చట్టం ఎలా తప్పుతుందో ఆమెకి పావుగంట చెప్పాను. ఓపిగ్గా వింటూనే చేపలు తిరగేసింది. అయ్యాక, నువ్వేం చేస్తావు తల్లీ అని అడిగింది. చట్టం చెప్తానన్నాను. ఎవరికి అంది. చదువుకునేవాళ్ళకి అన్నాను. "అలాగా" అంది. ఆమె దగ్గర వంద రూపాయలకి ఎండు నెత్తళ్ళు కొన్నాను. తిరుగు ఆటోవాడు ఆ వాసనకి ఇంకో ఇరవై అడిగాడు. ఇచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, సిగ్గులేకుండా చెప్తున్నాను.

నాలుగో రోజు: మళ్ళీ పలాస

కమిటీ మేనేజరు గదిలో కూర్చుంది. వకీళ్ళు లోపలికి రాకూడదని రూలు. సుజాత బయట బల్ల మీద ఉండిపోయింది. నన్ను మాత్రం పెద్దావిడ, లా చెప్పినవారు అని మర్యాదగా పిలిచి కుర్చీ వేశారు. కమిటీకి అధ్యక్షురాలు అదే ఆఫీసులో పనిచేసే ఒక నడివయసు ఉద్యోగిని. నా కళ్ళలోకి చూడకుండా ఫారం చదివింది. తేదీ దగ్గర ఆగింది. మేనేజరు ముందే పేజీలో కాగితం పెట్టి ఉంచిన హాజరు పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు.

ఆ తేదీన ఢిల్లేశ్వరి పనిలోకి రాలేదు.

ఢిల్లేశ్వరి పుస్తకంలోకి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ రోజు పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రిలో మొగుడి చెయ్యి నొక్కి పట్టుకుని కూర్చుంది ఆమె. జాకెట్టు సంగతి మర్నాటిది. ఆమె మొన్న చెప్పనే చెప్పింది. రక్తం ఆగని మనిషి పక్కన ఎవరు కూర్చుని ఉంటారన్న ప్రశ్న నాకు రాలేదు. ఆడవాళ్ళు చేసే సేవ చట్టానికి కనిపించదని నేను వ్యాసాలు రాశాను. అవి అచ్చయ్యాయి కూడా.

నేను మాట అందుకున్నాను. తప్పు నాది, తేదీ నేను వేశాను, ఆమె మర్నాడనే చెప్పింది అన్నాను. మేనేజరు నవ్వు చెరగకుండా విన్నాడు. "తేదీ మీరు వేసినారా మేడం? అదీ రాయమంటారా?" అన్నాడు. నిరూపించలేకపోయినంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదు అవదని సెక్షనుతో సహా చెప్పాను. దానికీ ఒప్పుకున్నాడు. అయితే విచారణ పద్ధతి ప్రకారం సాగుతుంది, రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోగా ఆమె గంట ముందు వెళ్ళే వెసులుబాటు మాత్రం పక్కన పెట్టాలి, ఫిర్యాదుదారుకి ప్రత్యేక సౌకర్యం ఇస్తే పక్షపాతం అంటారు కదా అన్నాడు. అది వేధింపే అవుతుందని అరిచాను. అలాగే రాసుకోమని అధ్యక్షురాలికి చెప్పాడు. ఆమె నిజంగానే రాసుకుంది.

అప్పుడు వాళ్ళు రాజీ మాట తెచ్చారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే, కమిటీ ఈ సమస్యని పెద్ద మనసుతో పరిష్కరిస్తుంది. మేస్త్రీని గేటు నుంచి తప్పిస్తారు. ఇవాళ్టి నుంచి ఆడవాళ్ళని ఆడమనిషే తనిఖీ చేస్తుంది. ఆ పని ఢిల్లేశ్వరికే ఇస్తారు, రోజుకి ఇరవై రూపాయలు ఎక్కువ. డయాలసిస్ రోజుల్లో గేటు దగ్గర ఆమె బదులు ఇంకొకరు నిలబడతారు, ఆ గంట అలాగే ఉంటుంది.

ఢిల్లేశ్వరి తన వేళ్ళకేసి చూసుకుంది. "నానేటి సెయ్యాలి మేడం?" అని అడిగింది.

"నీ ఇష్టం" అన్నాను. సమ్మతి అనే మాట మీద ఏటా రెండు వారాలు పాఠం చెప్పేదాన్ని నేను. మనిషిని గోడకి ఆనించి నీ ఇష్టం అనడం సమ్మతి కాదని చెప్పేదాన్ని. ఆమె సంతకం పెట్టింది. అధ్యక్షురాలు తీర్మానం చదివి వినిపించింది. మహిళా కార్మికుల గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని ఇకపై వారి తనిఖీ మహిళల చేతనే జరుగును, అని. బాగా రాశారు. ఇదే కాగితం ఎవరైనా నాకు పోస్టులో పంపి ఉంటే ఒక చిన్న విజయమని క్లాసులో చదివి వినిపించేదాన్ని.

లేచేటప్పుడు మేనేజరు అర కిలో గుండు పప్పు పొట్లం నా చేతిలో పెట్టాడు. పలాస వచ్చి వట్టి చేతులతో వెళ్ళకూడదట. విసిరి కొట్టాల్సింది. చెయ్యి చాపి పుచ్చుకుని సంచిలో వేసుకున్నాను, థాంక్స్ కూడా చెప్పాను. ఇన్నేళ్ళ మర్యాద ఎక్కడికి పోతుంది?

అప్పటికే పని దిగే వేళయింది. ముందు గేటులోంచి వెళ్ళమని చెప్తున్నా వినకుండా, నేను వెనక గేటుకి నడిచి ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాను. ఏం సాధిద్దామనో నాకే తెలియదు. ఢిల్లేశ్వరి గేటు దగ్గరుంది. మేస్త్రీ కాస్త ఎడంగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆమెకి పని నేర్పడానికి. సరిగ్గా సూడు, మడతలో సూడు అంటున్నాడు. నా ముందున్నామె చేతులెత్తుతూ, "మన ఢిల్లమ్మే గదా, సూడనీ" అని వెనకవాళ్ళకి చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

నా వంతు వచ్చింది. ఆమె తల ఎత్తలేదు. నేను చేతులెత్తాను. ఆ గరుకు వేళ్ళు నా నడుము చుట్టూ చీర మడతలో ఒక చుట్టు తిరిగాయి, రొంటిన నొక్కాయి. నేనూ అందరిలాగే రోడ్డు వైపు చూశాను. సంచి తెరిచింది. పొట్లం బయటికి తీసి చేత్తో పట్టుకుంది.

"చీటీ ఉందా మేడం?"

లేదన్నాను. వరసంతా అటే చూస్తోంది. మేస్త్రీ స్టూలు మీంచి లేవకుండానే, ఆవిడది పరవాలేదు, వదిలీ అన్నాడు. ఢిల్లేశ్వరి పొట్లం తిరిగి సంచిలో పెట్టి, జిప్పు పూర్తిగా లాగి, నా భుజానికి తగిలించింది.

"ఎల్లండి మేడం. ఎనకాల జనం ఉన్నారు."